కర్ణాటక సంగీతంలో పీజీ ఎలా చేయాలి? సీటు నుంచి పల్లవి పరీక్ష దాకా

పీజీ సీటు కోసం వచ్చేవాళ్లలో చాలామంది తమకు వచ్చిన కృతుల జాబితా పట్టుకుని వస్తారు. ఎన్ని కృతులు వచ్చు అన్నది డిప్లొమా దాకా పనికొచ్చే లెక్క. పీజీలో చూసేది మనోధర్మం (అప్పటికప్పుడు సొంతంగా కల్పించి పాడడం), లయ, శాస్త్రం. వంద కృతులు వచ్చి కూడా కల్యాణిలో ఐదు నిమిషాలు సొంతంగా ఆలాపన చేయలేనివాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే ఇబ్బంది పడతారు. ముప్పై కృతులే వచ్చినా, చేతిలో తాళం చెదరకుండా స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం) చేయగలిగితే రెండేళ్లూ నిలబడొచ్చు. సన్నాహం అటువైపే సాగాలి.

ఇది గాత్రం, వీణ, వయొలిన్, వేణువు విద్యార్థుల కోసం. మృదంగం ప్రాక్టికల్ పూర్తిగా వేరు.

1. అర్హత

రెండు దారులున్నాయి. సంగీతం సబ్జెక్టుగా డిగ్రీ చేసినవాళ్లు నేరుగా దరఖాస్తు చేయొచ్చు. బీకాం, బీఎస్సీ వంటి వేరే డిగ్రీ ఉంటే దానితోపాటు సాధారణంగా సంగీతంలో డిప్లొమా అడుగుతారు. విజయనగరం మహారాజా కళాశాల, విజయవాడ ఘంటసాల కళాశాల, హైదరాబాద్ త్యాగరాజ కళాశాల వంటి ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ నాలుగేళ్లు, డిప్లొమా మరో రెండేళ్లు. సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోయినవాళ్లు ముందు డిప్లొమా పూర్తి చేయాలి. ప్రైవేటు సంస్థల సర్టిఫికెట్ చెల్లుతుందో లేదో దరఖాస్తుకు ముందే విశ్వవిద్యాలయానికి రాసి, జవాబు లిఖితపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట కౌన్సెలింగ్ రోజున చెల్లదు.

2. ఎక్కడ చేరాలి

ఆంధ్ర విశ్వవిద్యాలయం (విశాఖపట్నం), తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం (స్త్రీలకు మాత్రమే), హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం. ఈ మూడో దానికి పొట్టి శ్రీరాములు పేరు పోయి సురవరం ప్రతాపరెడ్డి పేరు వచ్చింది కనుక నోటిఫికేషన్ వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. రాష్ట్రం దాటితే మద్రాస్ విశ్వవిద్యాలయం, ఢిల్లీ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఎక్కువ కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ (ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. ఆ తర్వాత ప్రాక్టికల్ ఉంటుంది. కోర్సు పేరు ఒకచోట ఎంఏ, మరొకచోట ఎంపీఏ. నెట్‌కు (అధ్యాపక అర్హత పరీక్షకు) ఏదైనా ఒకటే.

ఊరినీ భవనాన్నీ చూసి ఎంచుకోవద్దు. మీ వాద్యానికి లేదా గాత్రానికి అక్కడ పూర్తికాలం ఉండే అధ్యాపకులు ఎవరు, పల్లవి నేర్పేది ఎవరు అని అడగండి. వీణ విద్యార్థికి గాత్ర అధ్యాపకులే రెండేళ్లూ పాఠం చెప్పే చోట గమకాల (స్వరాల ఊపుల) పని సగంలో ఆగిపోతుంది.

3. సామగ్రి

తంబురా, లేదంటే ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె. మెట్రోనోమ్. ఫోన్‌లో రికార్డర్. నొటేషన్‌కు రెండు లావు పుస్తకాలు. నొటేషన్ చేత్తోనే రాయాలి. ముద్రించినది అతికించుకున్న పుస్తకం పరీక్ష ముందు రాత్రి అక్కరకు రాదు.

4. ప్రవేశ ప్రాక్టికల్

సాధారణంగా పది, పదిహేను నిమిషాల్లో ముగుస్తుంది. ఒక వర్ణం (సాధన కోసం కట్టిన రచన) రెండు కాలాల్లో (వేగాల్లో), ఒక కృతి ఆలాపన, స్వరకల్పనలతో సిద్ధంగా ఉండాలి. వర్ణం రెండో కాలంలో తాళం వేగం పెంచేవాళ్లు అక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. చెయ్యి అదే వేగంలో ఉండాలి, పాట మాత్రమే రెట్టింపు కావాలి.

ఆలాపనకు తోడి, కల్యాణి, శంకరాభరణం, కాంభోజి, ఖరహరప్రియల్లో ఒకటి తీసుకోండి. అపూర్వ రాగం, వివాది రాగం (పొసగని స్వరాలు పక్కపక్కన వచ్చేది) ఎంచుకుంటే పరీక్షకుల మెప్పు దక్కుతుందనుకోవడం పొరపాటు. వాళ్లు చూసేది మీరు ఆ రాగంలో ఎంతసేపు కొత్తగా సంచరించగలరన్నది. స్వరకల్పనలో చివరి స్వరం, కృతి ఎత్తుగడ స్వరానికి పక్కనే ఉండాలి. ఎత్తుగడ పంచమం మీద ఉంటే మధ్యమం మీదో ధైవతం మీదో ముగించండి. గాంధారం మీద ముగించి పంచమానికి దూకితే అతుకు స్పష్టంగా వినబడుతుంది.

5. శాస్త్రం

దీన్ని నిర్లక్ష్యం చేసేవాళ్లకు రెండో ఏడు కష్టం. నాట్యశాస్త్రంలోని ధ్రువవీణ, చలవీణల ప్రయోగం, మతంగుడి బృహద్దేశిలో రాగం నిర్వచనం, శార్ఙ్గదేవుడి సంగీత రత్నాకరం, 1550 నాటి రామామాత్యుడి స్వరమేళకళానిధి, వేంకటమఖి చతుర్దండీప్రకాశిక. వీటిని కాలక్రమంలో, ఒకరి శుద్ధ స్వరాలు మరొకరి దగ్గర ఎలా మారాయో పట్టిక వేసుకుంటూ చదవండి. విడివిడి నోట్సుగా చదివితే ఏదీ గుర్తుండదు.

మేళకర్త రాగం పేరులోని మొదటి రెండు అక్షరాల నుంచి దాని సంఖ్య తేల్చే కటపయాది కూడా సూత్రం బట్టీ పడితే చాలదు. ధీరశంకరాభరణం: ధ 9, ర 2, తిప్పితే 29. ఇంతవరకు అందరూ సరిగానే చెబుతారు. సంయుక్తాక్షరం దగ్గరే తడబాటు. చక్రవాకంలో 'క్ర'కు క తీసుకుంటేనే 16 వస్తుంది. షడ్విధమార్గిణిలో 'డ్వి'కి వ తీసుకుంటేనే 46 వస్తుంది. ఇలాంటి పేర్లు విడిగా రాసి పెట్టుకోవాలి.

తెలుగు విద్యార్థులకు ఇక్కడ మరెవరికీ లేని సౌకర్యం ఒకటుంది. సుబ్బరామ దీక్షితులు 1904లో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలోనే అచ్చయింది, గమకాల గుర్తులతో సహా. అనువాదాల్లో జారిపోయే వివరాలు మూలంలోనే చదువుకోవచ్చు. దాన్ని తెరవకుండా పీజీ పూర్తి చేయడం పెద్ద నష్టం.

6. పల్లవి: అసలు కష్టం ఇక్కడే

రాగం తానం పల్లవి ప్రాక్టికల్‌లో పోయినన్ని మార్కులు ఇంకెక్కడా పోవు. రాగం, తానం వరకు చాలామంది నెట్టుకొస్తారు. పల్లవిని, అంటే తాళానికి కట్టిన ఒక్క సాహిత్య పంక్తిని, త్రికాలం (మూడు వేగాల్లో), తిశ్రం (మూడు చొప్పున నడకలో) చేయమన్నప్పుడు కుప్పకూలుతుంది. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: గురువు పాడినదాన్ని చెవితో పట్టుకున్నారు తప్ప లెక్క కట్టుకోలేదు. చెవి మొదటి కాలానికి సాయపడుతుంది. కాలం మారగానే లెక్క లేనిదే నిలబడదు.

రెండు కళల ఆది తాళం తీసుకోండి. ఒక ఆవర్తానికి (తాళం ఒక చుట్టుకు) 16 క్రియలు (చేతి కదలికలు). తాళం భాగాల్లో లఘువుకు 8 (దెబ్బ, మూడు వేళ్లు, ప్రతిదీ రెండేసి సార్లు), ఒక్కో ద్రుతానికి 4. క్రియకు 4 మాత్రలు కాబట్టి ఆవర్తం 64 మాత్రలు. పదగర్భం, అంటే ప్రథమాంగం ముగిసి విశ్రాంతి మొదలయ్యే చోటు, 32 మాత్రలు గడిచాక, మొదటి ద్రుతం దెబ్బ మీద పడుతుందనుకుందాం. పల్లవి సమం (ఆవర్తం మొదటి దెబ్బ) మీద ఎత్తుకుంటే అన్ని కాలాల్లోనూ సమం మీదే ఎత్తుకుంటారు, చిక్కు లేదు. ఎత్తుగడ సమం తర్వాత ఉన్నప్పుడే తప్పులు మొదలవుతాయి.

ఎత్తుగడ సమం దాటిన 6 మాత్రలకు, అంటే ఒకటిన్నర క్రియకు ఉందనుకోండి. ఎత్తుగడ నుంచి పదగర్భానికి 26 మాత్రలు. ఇప్పుడు రెండో కాలం పాడాలి. ఎక్కువమంది అలవాటు కొద్దీ మళ్లీ ఒకటిన్నర క్రియ తర్వాతే ఎత్తుకుంటారు. రెండో కాలంలో ఆ 26 మాత్రలు 13 అవుతాయి. 6కు 13 కలిపితే 19. అది అయిదో క్రియలో ముప్పావు దగ్గర, ఏ దెబ్బకూ అందకుండా పడుతుంది. పాడేవాళ్లకు ఏదో తేడా కొట్టినట్టు తెలుస్తుంది, ఎక్కడో తెలియదు. కంగారులో కార్వ (పలుకుల మధ్య ఆగే జాగా) సాగదీసి సర్దుతారు. పరీక్షకుడు సరిగ్గా ఆ కార్వనే పట్టుకుంటాడు.

సరైన పద్ధతిలో సాహిత్యంతో పాటు ముందున్న ఖాళీ కూడా కుదించుకోవాలి. మొదటి కాలంలో 6 మాత్రలు వదిలితే రెండో కాలంలో 3 వదలాలి. 3కు 13 కలిపితే 16, కచ్చితంగా అయిదో క్రియ మొదలు. కింది కాలంలో (సగం వేగంలో) 12 మాత్రలు, అంటే మూడు క్రియలు వదలాలి. 12కు 52 కలిపితే 64, పదగర్భం రెండో ఆవర్తం సమం మీద పడుతుంది. ఈ సంఖ్యలు కాగితం మీద రాసుకోకుండా గొంతు విప్పకండి.

తిశ్రం ఇంకా జాగ్రత్తగా చేయాలి. క్రియకు 4 బదులు 6 అక్షరాలు (పైన మాత్రలన్నవే) వస్తాయి. పల్లవికి 64 అక్షరాలు కాబట్టి రెండు ఆవర్తాల్లో (32 క్రియలు, 192 అక్షరాలు) పల్లవి మూడు సార్లు పూర్తవుతుంది. ఎత్తుగడకు ముందున్న 6 అక్షరాలు ఇప్పుడు సరిగ్గా ఒక క్రియ. అంటే రెండో క్రియ దెబ్బ మీద ఎత్తుకోవాలి. మొదటిసారి పదగర్భం ఆరో క్రియలో మూడోవంతు గడిచాక వస్తుంది. అది తప్పు కాదు, అక్కడ భయపడి ఆగకండి. రెండోసారి పాడినప్పుడు పదగర్భం 96 అక్షరాల దగ్గర, రెండో ఆవర్తం సమం మీద వచ్చి కూర్చుంటుంది. మీ తిశ్రం సరిగా ఉందో లేదో చెప్పే గుర్తు అదే. అది సమం మీద పడకపోతే తొలిసారే ఎక్కడో అక్షరం మింగారని అర్థం.

సాధన మూడు మెట్లలో చేయాలి. ముందు రాగం లేకుండా, సాహిత్యం లేకుండా తకధిమి, తకిట తకిట అంటూ చెయ్యి నిలపండి. తర్వాత సాహిత్యాన్ని షడ్జం మీదే, ఒకే స్వరంలో అన్ని కాలాల్లో పలకండి. రాగం మూడో మెట్టు. నేరుగా రాగంతో మొదలుపెట్టేవాళ్లు లయ తప్పును గమకంలో దాచేస్తారు, దాచినట్టు వాళ్లకే తెలియదు. మెట్రోనోమ్‌ను నిమిషానికి 50 దగ్గర, క్రియకు ఒక టిక్కుగా పెట్టండి. ఆవర్తానికి సుమారు 19 సెకన్లు. పాడింది రికార్డు చేసి, మొదటి ఆవర్తం, చివరి ఆవర్తం పక్కపక్కన వినండి. ఆ పైన మెట్రోనోమ్ ఆపేసి అదే పని చేయండి. యంత్రం మోగుతున్నంతసేపే నిలిచే తాళం పరీక్ష గదిలో నిలవదు.

మరో మూడు జాగ్రత్తలు. పదగర్భం దగ్గర మాట విరగకూడదు. తెలుగు పల్లవిని తెలుగువాళ్లే మాట మధ్యలో ఆపి అర్థం చెడగొడితే వినలేం. ప్రతిలోమం అన్న మాటకు రెండు వాడుకలున్నాయి. ఒకదాని ప్రకారం తాళం అలాగే ఉండి పల్లవి వేగం తగ్గుతుంది, ఇంకోదాని ప్రకారం పల్లవి అలాగే ఉండి తాళం వేగం మారుతుంది. మీ విభాగం ఏది పాటిస్తుందో మొదటి వారంలోనే అడిగి రాసుకోండి. ఇక పల్లవి మీరే కట్టినదైతే సాహిత్యం చిన్నదిగా, కార్వలు ఎక్కువగా ఉండేలా చూసుకోండి. మాటలు కిక్కిరిసిన పల్లవి రెండో కాలంలో నాలుకకు అందదు.

పల్లవికి వీడియో పాఠాల కన్నా ఎదురుగా కూర్చుని తాళం వేసే గురువే మేలు. చెయ్యి అరక్షణం తొందరపడినప్పుడు ఆపేవాళ్లు కావాలి.

7. డిసర్టేషన్, నెట్

డిసర్టేషన్ ఉన్నచోట అంశం ఇరుకుగా ఉండాలి. 'త్యాగరాజ కృతుల్లో భక్తి' లాంటివి వద్దు, అందులో మీరు కొత్తగా చెప్పగలిగేది ఏమీ మిగల్లేదు. ఒక్క రాగం తీసుకుని, సంప్రదాయ ప్రదర్శినిలో దాని సంచారాలు ఎలా ఉన్నాయి, ఇప్పటి నొటేషన్లలో ఏవి పోయాయి, ఏవి చేరాయి అని చూడండి. నాలుగైదు రచనలు చాలు. నొటేషన్ ఉదాహరణలు ప్రతి అధ్యాయంలోనూ ఉండాలి.

నెట్‌కు పీజీ చివరి ఏడాదిలోనే దరఖాస్తు చేయొచ్చు. సంగీతం కోడ్ 16. మొదటి పేపర్ 50 ప్రశ్నలు, రెండోది 100, మొత్తం 300 మార్కులు, మూడు గంటలు, తప్పు జవాబుకు కోత లేదు. పీజీలో 55 శాతం (రిజర్వేషన్ వర్గాలకు 50) కావాలి. జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. 2024 జూన్ నుంచి నెట్ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశానికీ పనికొస్తుంది. సంగీతం ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది. అందుకే తెలుగులో శాస్త్రం చదివేవాళ్లు మొదటి సెమిస్టర్ నుంచే ప్రతి పారిభాషిక పదానికీ ఎదురుగా దాని ఇంగ్లిష్ రూపం రాసుకుంటూ పోవాలి. చివరి నెలలో కూర్చుంటే ఆ పని తెమలదు.