జన్యు రిపోర్టు చదువుదాం – 4: గ్లైసీన్ చోటు మారితే

గత పాఠంలో కోడాన్‌ని మూడేసి డీఎన్ఏ అక్షరాలుగా (ఏ, జీ, సీ, టీ) చదవడం వచ్చింది కదా. మామూలుగా ఒక్కో కోడాన్ ఒక్కో అమైనో ఆమ్లాన్ని, అంటే ప్రొటీన్ గొలుసులోని ఒక్కో పూసని, సూచిస్తుంది. ఇప్పుడు దాన్ని పెళుసు ఎముకల జబ్బు మీద ప్రయోగిద్దాం. పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుతూ ప్లస్ టూ సైన్స్ ఇంగ్లీషులో చదివే పిల్లలూ, పెన్సిలు తీసుకోండి.

జన్యువు పేరు సీఓఎల్1ఏ1. 17వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఎముకకీ చర్మానికీ కంటి తెల్లగుడ్డుకీ బలమిచ్చే ప్రొటీన్ అయిన టైప్ 1 కొల్లాజెన్‌లోని ఆల్ఫా1 గొలుసు దీని నుంచే తయారవుతుంది. రెండు ఆల్ఫా1 గొలుసులు, ఒక ఆల్ఫా2 గొలుసు మూడు పాయల జడలా అల్లుకుంటాయి. ఆల్ఫా2 గొలుసుది వేరే జన్యువు, 7వ క్రోమోజోమ్ మీది సీఓఎల్1ఏ2.

ఈ అల్లికలో ప్రతి మూడో అమైనో ఆమ్లం లోపలి వైపుకి వస్తుంది. అక్కడ చోటు చాలా ఇరుకు. అన్నిటికంటే చిన్నదైన గ్లైసీన్ ఒక్కటే అందులో సరిగ్గా ఇముడుతుంది.

గ్లైసీన్ కోడాన్ జీజీసీ అనుకుందాం. మొదటి జీ పోయి ఏ వస్తే ఏజీసీ, అంటే సెరీన్. రెండో జీ పోయి ఏ వస్తే జీఏసీ, అంటే ఆస్పార్టిక్ ఆమ్లం. రెండూ గ్లైసీన్ కంటే పెద్దవే, అల్లిక అక్కడ దెబ్బ తింటుంది. మూడో అక్షరం ఏది మారినా మళ్లీ గ్లైసీనే.

ఇప్పుడు లెక్క. జన్యువుకి రెండు ప్రతులుంటాయి, ఒకటే చెడింది. మంచి గొలుసుకి 'మ', చెడ్డదానికి 'చ' రాయండి. ఆల్ఫా1 జంటలు: మమ, మచ, చమ, చచ. నాలుగింట ఒక్కటే పూర్తిగా మంచిది, మూడొంతుల కొల్లాజెన్‌లో లోపం చేరింది!

అదే ఒక ప్రతిలో సీజీఏ మారి టీజీఏ అయితే? అది ఆగమని చెప్పే కోడాన్. సాధారణంగా ఆ ప్రతి నుంచి గొలుసే రాదు. కొల్లాజెన్ సగానికి తగ్గుతుంది గానీ ఉన్నదంతా మంచిదే. అందుకే ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా అనే పెళుసు ఎముకల జబ్బు ఇలాంటివాళ్లలో ఎక్కువగా తేలికపాటిగానే ఉంటుంది. గ్లైసీన్ మారినప్పుడు మాత్రం అది ఎక్కడ మారింది, దాని చోట ఏం వచ్చింది అన్నదాన్ని బట్టి ప్రాణాంతకం కూడా కావచ్చు.

చిన్న దెబ్బకే మళ్లీ మళ్లీ ఎముక విరిగే పసివాణ్ని చూస్తే చాలామందికి ముందు తల్లిదండ్రుల మీదే అనుమానం వస్తుంది. అది చాలా అన్యాయం. కంటి తెల్లగుడ్డు నీలంగా ఉందేమో చూడండి, పసరు కట్టుతో ఆగకుండా బరంపురమో విశాఖో పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని చెప్పండి.

అభ్యాసం: జీజీటీ మారి జీటీటీ అయితే ఏ అమైనో ఆమ్లం వస్తుంది? సీఓఎల్1ఏ2 ఒక ప్రతిలో గ్లైసీన్ మారితే ఎంత భాగం కొల్లాజెన్ చెడుతుంది? ఆల్ఫా2 గొలుసు ఒక్కటే ఉంటుందని మరిచిపోకండి. వచ్చే పాఠం ఈ జవాబులతోనే మొదలు.