పాత టర్న్‌టేబుల్ మళ్ళీ పాడింది

ఏళ్ల తరబడి మూలనపడ్డ టర్న్‌టేబుల్ మీద రికార్డు పెడితే పాట సాగుతూ, మూలుగుతున్నట్టు వచ్చింది. మోటారు పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. ప్లాటర్ (రికార్డు పెట్టే తిరిగే పళ్ళెం) ఎత్తి చూస్తే రబ్బరు బెల్టు వదులైపోయి, వేలికి జిగటగా అంటుకుంది. పుల్లీకి పట్టిన ఆ నల్లటి మడ్డిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్త బెల్టు వేశాను. ప్లాటర్ అంచున చిన్న కాగితం ముక్క అంటించి చుట్లు లెక్కపెట్టాను: 3 నిమిషాల్లో సరిగ్గా 100. ఎల్పీకి (పెద్ద రికార్డుకి) కావలసిన, నిమిషానికి 33⅓ చుట్ల వేగం అదే!

సూది కూడా మార్చాను. తక్కువ ఖర్చులో కానిద్దామనుకున్నా, ఇక్కడ మాత్రం పొదుపు పనికిరాదు. అరిగిన సూది రికార్డు గాడినే పాడుచేస్తుంది. టోన్‌ఆర్మ్ (సూదిని మోసే చెయ్యి) రికార్డు మీద మోపే బరువును, కార్ట్రిడ్జ్‌కి (సూది అమరే భాగానికి) చెప్పిన 2 గ్రాములకు సరిచేశాను. ఇప్పుడు గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది.