క్వాడ్రాఫోనిక్ ఎల్పీ: డీకోడర్ కన్నా ముందు ముల్లు

నాలుగు స్పీకర్ల కోసం 1970లలో వచ్చిన ఎల్పీలన్నీ ఒక తీరువి కావు. చేతిలో ఉన్నది ఏ రకమో చూడకుండా నాలుగు చానెళ్లను విడదీసే డీకోడర్ పెట్టె కొంటే డబ్బు దండగ. కవరు మీద ఎస్‌క్యూ అనో, క్యూఎస్ అనో ఉంటే అది మ్యాట్రిక్స్ రికార్డు: నాలుగు చానెళ్లనూ ఫేజ్ (శబ్ద తరంగాల ముందువెనకల) తేడాలతో రెండింటిలోకి ఇమిడ్చారు. ఎస్‌క్యూ 1971లో సీబీఎస్ తెచ్చింది, క్యూఎస్ సాన్‌సుయిది. సీడీ-4 అనో, క్వాడ్రాడిస్క్ అనో ఉంటే సంగతి వేరు. జేవీసీ తయారుచేసిన ఈ పద్ధతిలో గాడి రెండు గోడల్లోనూ సంగీతానికి పైన 30 కిలోహెర్ట్జ్ క్యారియర్ (చెవికి వినబడని, సమాచారాన్ని మోసే తరంగం) కోసి ఉంటుంది. ముందు, వెనక చానెళ్ల తేడాను దాని మీద ఎక్కిస్తారు.

హైదరాబాద్‌లో అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్‌ల మీద, జుమ్మేరాత్ బజార్లో పాత ఎల్పీల కోసం వెతకొచ్చు గానీ, వాటిలో క్వాడ్ తగిలితే అదృష్టమే. ఎక్కువగా బయటి దేశాల నుంచే తెప్పించుకోవాలి. మ్యాట్రిక్స్ రికార్డుకు సన్న గీతలున్నా పర్లేదు. సీడీ-4 మాత్రం పైకి నిగనిగలాడుతున్నా లోపల పోయి ఉండొచ్చు. బరువైన గుండ్రటి ముల్లుతో వాయించిన రికార్డులో ముందుగా అరిగేది ఆ క్యారియరే, అది కంటికి కనబడదు. డీమాడ్యులేటర్ (సీడీ-4కు కావలసిన డీకోడర్) మీద వాయించి చూశామని అమ్మేవారు చెప్పలేకపోతే స్టీరియో రికార్డు ధరే ఇవ్వండి.

పాత అమెరికా టర్న్‌టేబుల్ వస్తోందంటే మోటారు చూడండి. కరెంటు హెర్ట్జ్‌ను బట్టి తిరిగే 60 హెర్ట్జ్ సింక్రనస్ మోటారును మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిపితే 33⅓ బదులు దాదాపు 27.8 చుట్లే తిరుగుతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 120కి దించుతుంది గానీ వేగాన్ని సరిచేయదు. 50 హెర్ట్జ్ పుల్లీ వేయాలి. డీసీ సర్వో మోటారుకు ఈ బెడద లేదు.

మ్యాట్రిక్స్ వాయించడం తేలిక. మంచి స్టీరియో కార్ట్‌రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే భాగం), దాని సన్నని సిగ్నల్‌ను పెంచే ఫోనో ప్రీఆంప్, దాని తర్వాత డీకోడర్. ఇంట్లో ఉన్న ఏవీ రిసీవర్లో డాల్బీ వాళ్ల ప్రోలాజిక్ 2 డీకోడర్ ఉంటే, అది పెట్టినా వెనక నుంచి శబ్దం వస్తుంది, అయితే ఎస్‌క్యూలో వాద్యాలు అసలు చోట నిలబడవు. రికార్డు చేసుకుని డీకోడ్ చేయాలంటే ఎంపీ3 వద్దు, ఫేజ్ చెడిపోతుంది.

సీడీ-4కు తల బద్దలు కొట్టుకోక తప్పదు. క్యారియర్ దాదాపు 45 కిలోహెర్ట్జ్ దాకా విస్తరిస్తుంది కాబట్టి షిబాటా లాంటి లైన్ కాంటాక్ట్ ముల్లు (గాడి గోడను సన్నటి గీతలా తాకేది) కావాలి. జేవీసీ ఇంజనీరు నోరియో షిబాటా దాన్ని రూపొందించింది ఇందుకే. పేరు షిబాటా అయితే చాలదు, కార్ట్‌రిడ్జ్ కూడా 45 కిలోహెర్ట్జ్ దాకా అందుకోవాలి. వైరు కూడా ముఖ్యమే: టోన్‌ఆర్మ్ (కార్ట్‌రిడ్జ్‌ను మోసే చెయ్యి) లోపలి తీగతో కలిపి కెపాసిటెన్స్, అంటే పై ఫ్రీక్వెన్సీలను మింగే గుణం, 100 పికోఫారడ్లు దాటకూడదు. మామూలు ఆర్‌సీఏ కేబుల్ ఒక మీటరుకే అంత తినేస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో కేబుల్ కొంటే మీటరుకెన్ని పికోఫారడ్లో అడగండి, అర మీటరుకు మించనివ్వకండి. కార్ట్‌రిడ్జ్ లోడు (డీమాడ్యులేటర్ ఇన్‌పుట్ నిరోధం) 100 కిలోఓమ్‌లు. టర్న్‌టేబుల్ వైరు నేరుగా డీమాడ్యులేటర్లోకే వెళ్లాలి. మధ్యలో ఫోనో ప్రీఆంప్ పెడితే ఏమీ పనిచేయదు.

ప్రొట్రాక్టర్‌తో (కోణం చూసే గేజి) కార్ట్‌రిడ్జ్ సరిచేసి, తయారీదారు చెప్పిన బరువు, యాంటీస్కేట్ (చెయ్యి లోపలికి లాగకుండా సరిచేసే అమరిక) పెట్టాక సీడీ-4 టెస్ట్ రికార్డు వేయండి. ముందు డీమాడ్యులేటర్‌లో క్యారియర్ లెవెల్ సరిచేయండి. తర్వాత ముందు చానెల్ టోన్ మోగుతుండగా వెనక స్పీకర్లో శబ్దం వీలైనంత తగ్గేదాకా సెపరేషన్ స్క్రూ తిప్పాలి, ఎడమ, కుడి విడివిడిగా. కార్ట్‌రిడ్జ్ మారిస్తే మళ్లీ మొదటినుంచీ చేయాలి. డీమాడ్యులేటర్ మీది రాడార్ లైటు వెలిగిందని మురిసిపోవద్దు, క్యారియర్ ఉందనే అది చెబుతుంది, బాగుందని కాదు.

గొంతు హెచ్చినచోట గరగరమని ఉప్పుకాగితం రుద్దినట్టు వస్తే ముందు రికార్డు కడగండి: డిస్టిల్డ్ వాటర్‌లో 10 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (లక్కతో చేసిన పాత 78 చుట్ల రికార్డులకు మాత్రం వాడొద్దు). అయినా అన్ని రికార్డుల్లోనూ వస్తుంటే తప్పు అలైన్‌మెంట్‌దో, ముల్లుదో, వైరుదో. ఒక్కదానిలోనే అయితే గాడి అరిగింది. డీమాడ్యులేటర్ స్విచ్ రెండు చానెళ్లకు తిప్పితే ఆ గరగర చాలావరకు పోతుంది, ఆ రికార్డును స్టీరియోగా వినొచ్చు.