మొదటిసారి గేమింగ్ పీసీ కట్టుకునేటోళ్లకు

నల్లగొండ, మిర్యాలగూడ దిక్కు నుంచి పార్టుల కోసం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు పోయే తమ్ముళ్లకు ఒక మాట. షాపుల ముందు ప్రాసెసర్ పేరే చెప్తరు. గేమ్‌ను ఎక్కువగా నడిపించేది గ్రాఫిక్స్ కార్డు. పైసలల్ల పెద్ద వాటా దానికే పెట్టుర్రి. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) మానిటర్‌కు రైజెన్ 5 5600 లాంటి ఆరు కోర్ల ప్రాసెసర్ చాలు. ఇంటెల్ ఐ7 అని చెప్తే దోస్తులు మెచ్చుకుంటరు, అంతే. కార్డుకు ఇప్పుడే పైసలు అందకుంటే రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీసుకోర్రి, దాంట్లనే గ్రాఫిక్స్ ఉంటది. చిన్న గేములు ఆడుకుంట కార్డు తర్వాత కొనొచ్చు.

ర్యామ్ 16 జీబీది ఒక్కటి కాదు, 8 జీబీవి రెండు. వేగంల తేడా కనబడతది. డీడీఆర్4 రకం మదర్‌బోర్డుల డీడీఆర్5 ర్యామ్ పట్టదు, చూసుకోర్రి.

ఇగ అసలు సంగతి ఎస్‌ఎంపీఎస్, అంటే పీసీ లోపలి పార్టులకు కరెంటు ఇచ్చే డబ్బా. క్యాబినెట్‌తోని ఊకె వచ్చేది వద్దే వద్దు. మన ఊర్లల్ల బోరు మోటార్లు ఎత్తుకున్నప్పుడు వోల్టేజ్ ఎట్ల ఊగుతదో తెలిసిందే. మంచి కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు తక్కువ వేస్ట్ చేస్తదని ఇచ్చే గుర్తు) ఉన్నది, 550 వాట్లది తీసుకోర్రి. కార్డు పెద్దదైతే ఇంకా ఎక్కువ. ఇంట్ల ఎర్తింగ్ సక్కగ ఉందో లేదో కరెంటాయనకు చూపియ్యుర్రి. 600 వీఏ యూపీఎస్ మామూలుగ 360 వాట్ల దాకనే లాగుతది, గేమ్ నడుస్తుంటే చాలకపోవచ్చు.

క్యాబినెట్‌కు ముందట జాలి ఉండాలె, అద్దం కాదు. మే నెల ఎండకు లైట్లు పనికిరావు, గాలే కావాలె. బిల్లు మీద సీరియల్ నంబర్లు రాపిచ్చుకోవుడు మర్వొద్దు.