పొద్దున్నే కయాక్ ఎక్కేముందు కళ్ల సంగతి చూసుకోండి

ఈ వేసవిలో రుషికొండ బీచ్‌లో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) ఎక్కాలని, సర్ఫింగ్ నేర్చుకోవాలని అనుకునేవాళ్లు ఒంటికి సన్‌స్క్రీన్ రాసుకుంటారు, టోపీ పెట్టుకుంటారు. కళ్లను మాత్రం వదిలేస్తారు. "పొద్దుటి ఎండే కదా, ఏం చేస్తుంది?" అంటారు. నా భయమంతా ఆ పొద్దుటి ఎండ గురించే.

మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి కనుబొమలు, రెప్పలు కంటికి కొంత నీడనిస్తాయి. ఎనిమిది, తొమ్మిది గంటలప్పుడు ఎండ ఏటవాలుగా నేరుగా కళ్లలో పడుతుంది. పైగా మనది తూర్పు తీరం. ఒడ్డు నుంచి లోపలికి తెడ్డు వేస్తున్నంతసేపూ సూర్యుడు ఎదురుగానే ఉంటాడు. అలల నురుగు ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో దాదాపు 25 శాతాన్ని, పొడి ఇసుక 15 శాతాన్ని తిరిగి పైకి కొడతాయి. పైనుంచి పడే ఎండను టోపీ ఆపుతుంది గానీ, కింద నుంచి వచ్చేదాన్ని ఆపలేదు. పల్చటి మబ్బు పట్టినా ఈ కిరణాలు చాలావరకు కిందికి వచ్చేస్తాయి.

అందుకే కూలింగ్ గ్లాసులు తప్పనిసరి. ఎంత నల్లగా ఉన్నాయని కాదు, 'యూవీ 400' అని, అంటే యూవీ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతాయని, రాసి ఉందా లేదా అని చూడండి. ఆ రక్షణ లేని నల్లద్దాల వెనక కంటిపాప పెద్దదై, హాని చేసే కిరణాలను ఇంకా ఎక్కువగా లోపలికి రానిస్తుంది. పోలరైజ్డ్ అద్దాలైతే నీటి మెరుపు తగ్గి ఎదురొచ్చే అల స్పష్టంగా కనిపిస్తుంది. కానీ పోలరైజ్డ్ అన్నంత మాత్రాన యూవీ రక్షణ ఉన్నట్టు కాదు, రెండూ అడిగి తీసుకోండి. చెంపల దాకా వంగిన ఫ్రేమ్, తల వెనక బిగించే తాడు ఉండాలి. గాజువి వద్దు, పాలీకార్బనేట్ మేలు. పిల్లల కళ్లలోకి ఈ కిరణాలు పెద్దవాళ్లకంటే లోతుగా వెళ్తాయి. వాళ్లకి సంతలో దొరికే బొమ్మ కళ్లద్దాలు పెట్టి పంపకండి.

కాంటాక్ట్ లెన్సులు తీసేసే నీళ్లలోకి దిగండి. లెన్సు కింద సూక్ష్మజీవులు చేరితే ఇన్ఫెక్షన్ చూపుకే ముప్పు తేవచ్చు.

ఇంటికొచ్చాక సాయంత్రమో రాత్రో కళ్లలో ఇసుక పడ్డట్టు గరగరలాడినా, నీళ్లు కారినా, వెలుగు చూడలేకపోయినా కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, ఎండకు కమిలి ఉండొచ్చు. నలపకండి. చీకటి గదిలో కళ్లు మూసుకుని, మీద చల్లని తడిగుడ్డ వేసుకోండి. మందుల షాపులో అడిగి ఏవో చుక్కలు తెచ్చి వేసుకోవద్దు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. చూపు మసకబారినా, నొప్పి తగ్గకపోయినా వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఏళ్ల తరబడి సముద్రంలోకి వెళ్లేవాళ్లు మరో విషయం గమనించుకోవాలి. తెల్లగుడ్డు మీద, ముక్కు వైపున చిన్న కండ పెరగొచ్చు. డాక్టర్లు టెరీజియం అంటారు, వేటకెళ్లే మత్స్యకారుల్లోనూ కనిపిస్తుంది. నొప్పి లేదని ఊరుకోకుండా, అది నల్లగుడ్డు మీదకి పాకకముందే చూపించుకోండి.