ఫైర్ సిబ్బందికి హెల్త్ క్యాంప్ ఎలా పెట్టాలి?

ముందు తేదీ. ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు. 1944లో బొంబాయి రేవులో జరిగిన పేలుడులో చనిపోయిన సిబ్బందిని తలుచుకునే వారం అది. సేవా సంస్థలకు ఫైర్ సిబ్బంది గుర్తొచ్చేదీ అప్పుడే. ఆ వారం వాళ్లు స్కూళ్లూ అపార్ట్‌మెంట్లూ తిరిగి డెమోలు ఇస్తుంటారు, మీ క్యాంప్‌కు ఎవరొస్తారు? తిరుపతిలో బ్రహ్మోత్సవాలు, దీపావళి కూడా వదిలేయండి. వేసవి ముదిరితే శేషాచలం అడవిలో మంటలు. నా లెక్కలో దీపావళి తర్వాత, వైకుంఠ ఏకాదశికి ముందు పెట్టాలి.

చోటు స్టేషన్ ఆవరణే. కల్యాణ మండపాలు వద్దు, డ్యూటీలో ఉన్నవాళ్లు బండిని వదిలి రాలేరు. అధికారుల అనుమతి కాగితం మీద తీసుకోండి. అందరికీ అందాలంటే డ్యూటీ మారే వేళ చూసుకుని రెండు ఉదయాలు పెట్టండి. మధ్యలో ఫైర్ కాల్ వస్తే సగం మంది వెళ్లిపోతారు. వాళ్ల టోకెన్లు అట్టే పెట్టండి.

పరీక్షల సంగతి తేలికే. బీపీ, కిడ్నీల పనితీరుకు క్రియాటినిన్, కళ్లు, చెవులు, నడుము, మోకాళ్లు. షుగర్‌కు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చూపే రక్త పరీక్ష) చేయించండి, రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్లను పరగడుపున ఉండమనే బాధ ఉండదు. ఊపిరితిత్తులకు స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊది చూసే పరీక్ష, దానికి తెలిసిన టెక్నీషియన్ కావాలి. మూత్ర పరీక్ష మరవొద్దు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మంటలార్పే వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మూత్రాశయ క్యాన్సర్‌కు తగిన ఆధారాలున్నాయని చెప్పింది. ఇది తెలియని ‘మెగా శిబిరం’ వాళ్లు బీపీ చూసి, విటమిన్ మాత్రలిచ్చి, శాలువా కప్పి ఫొటో దిగి పోతారు. మసి పట్టిన యూనిఫాం ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దని చెప్పేవాళ్లు ఒక్కరూ ఉండరు.

టిఫిన్ ఇడ్లీయే. పొంగలి పెడితే కూర్చున్నచోటే కునుకు తీస్తారు.

ఇక అసలు కష్టం కౌన్సెలర్ గది. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. తలుపు మీద ‘మానసిక వైద్యం’ అని రాస్తారు. లోపలికి వెళ్లినవాణ్ణి స్టేషనంతా చూస్తుంది, ఆ తర్వాత ఇంకెవరూ అటు పోరు. బావిలోంచి పసిబిడ్డ శవాన్ని తీసినవాడు, కాలిన ఇంట్లో మనిషిని వెతికినవాడు ఆ సాయంత్రం మామూలుగా కాఫీ తాగి ఇంటికెళ్తాడు. నిద్రపట్టదని నలుగురిలో చెప్పడు. చెబితే తనను పనికిరాడనుకుంటారని భయం.

అందుకే గదికి పేరు వద్దు, నంబరు చాలు. బీపీ చూపించుకున్నంత మామూలుగా అందరూ ఆ గదిలోంచే పోవాలి, స్టేషన్ ఆఫీసర్‌తో సహా. ఒక్కొక్కరికీ సమానంగా సమయం ఇవ్వండి, అప్పుడు ఎవరికి ఇబ్బంది ఉందో బయటివాళ్లకు తెలియదు. ‘డిప్రెషన్ ఉందా?’ అని మొదలుపెట్టే కౌన్సెలర్‌ను పిలవకండి. ‘అన్నా, నిద్ర బాగా పడతా ఉందా?’ అని మొదలుపెట్టాలి. మందు ఎంత తాగుతున్నాడనేది తర్వాత అదే వస్తుంది. ఇంటావిడతో విడిగా మాట్లాడాలి: ‘అక్కా, డ్యూటీ నుంచి వచ్చినాక అన్న ఎట్లుంటాడు?’ ఆమె చెప్పింది ఆయనకు చేరకూడదు, ఆయన చెప్పింది ఆఫీసుకు చేరకూడదు. గదిలో విన్నది కంప్యూటర్‌లో ఎక్కించకండి. రిపోర్టులు అంటించిన కవర్లో ఎవరివి వాళ్ల చేతికే ఇవ్వండి, కట్టగా ఆఫీసులో పెట్టి రావద్దు.

చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే మాత్రం ఆ మాట దాచకూడదు. ఈ సంగతి గదిలోకి రాగానే ముందే చెప్పాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, ఇంట్లోవాళ్లను పిలిచి, అప్పుడే తిరుపతిలోని ప్రభుత్వ రుయా ఆసుపత్రికి తోడు వెళ్లండి. మిగతా అందరికీ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉన్న చీటీ ఇవ్వండి. ఫోన్ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నెల తర్వాత ఫోన్లు చేయండి. స్విమ్స్ ఆసుపత్రికి రాసిచ్చినవాళ్లు వెళ్లారా, మోకాళ్లకు బర్డ్ ఎముకల ఆసుపత్రిలో చూపించుకున్నారా అని అడగండి. వెళ్లనివాళ్లకు సెలవు దొరకలేదా, తోడు లేదా కనుక్కుని, తోడు లేకపోతే మీ వాలంటీర్‌ను పంపండి. శాలువాలకు పెట్టే డబ్బు ఆ ఆటో ఖర్చుకు సరిపోతుంది.