సొరోరిటీ ర్యాంకులు: సంతకానికి ముందు జాగ్రత్తలు

అమెరికా కాలేజీల్లో సొరోరిటీలో (అమ్మాయిల విద్యార్థి సంఘం) చేరాలంటే, ప్రిఫరెన్స్ రౌండ్ (ఎంపికలో చివరి దశ) అయిన వెంటనే నచ్చిన సొరోరిటీలకు ర్యాంకులిచ్చి ఒప్పందంపై సంతకం పెట్టాలి. నిదానంగా ఆలోచించే టైమ్ ఉండదు, అందుకే ఇవి ముందే చూసుకోండి.

• ఒప్పందం మొత్తం చదవండి. నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ (సొరోరిటీల సమాఖ్య) నియమం ప్రకారం, మీరు రాసిన సొరోరిటీ బిడ్ (చేరమని ఆహ్వానం) ఇచ్చాక వద్దంటే, ఆ క్యాంపస్‌లో తర్వాతి ప్రైమరీ రిక్రూట్‌మెంట్ (ప్రధాన చేరికల సమయం) దాకా ఆ సమాఖ్యలోని వేరేదాంట్లో చేరలేరు. చేరడానికి మనసొప్పని పేరు అసలు రాయొద్దు.

• అలాగని ఒక్క పేరే రాస్తే, అది తప్పిపోయినప్పుడు చేతికి ఏదీ రాకపోవచ్చు. అసలు టెన్షన్ ఇక్కడే. రెండోది కూడా మీకు నిజంగా నచ్చితే తప్పకుండా రాయండి.

• సభ్యత్వ ఫీజు ఇంట్లో మాట్లాడారా?

• ఫ్రెండ్ ర్యాంకులు చూసి మీవి మార్చకండి. ఎవరి దగ్గర మీరు మీలా ఉండగలిగారో గుర్తు తెచ్చుకోండి.

• అనుమానముంటే రిక్రూట్‌మెంట్ కౌన్సెలర్‌ని (చేరికల్లో మీకు దారి చూపేవారిని) అడగండి.